జరగని ఆపరేషన్ల దారిలో మూడు రోజులు

మార్కాపురం ఎందుకు వెళ్తున్నావని అడిగిన వాళ్లందరికీ పలకలు కొనడానికని చెప్పాను. అరవై రెండేళ్ల మనిషికి పలకలెందుకని ఒక్కరూ అడగలేదు. మా వీధిలో నా చదువు మీద జనానికి ఎంత నమ్మకం ఉందో అప్పుడు తెలిసింది.

అసలు సంగతి ఇది. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి రికార్డుల గదిలో నేను పదకొండేళ్లు పనిచేశాను. ఇప్పుడు ఆ ఆసుపత్రి లేదు, ఆ భవనంలో టైల్సు అమ్ముతున్నారు. చివరి రెండేళ్లలో మేం రాసిన కేసుషీట్లలో కొన్ని జరగని ఆపరేషన్లవి. ఊళ్లలో ఉచిత వైద్య శిబిరం పెట్టి, జనాన్ని బస్సులో గుంటూరు తెచ్చేవారు. ఆసుపత్రి గౌను తొడిగి ఫొటో తీసేవారు. వేలిముద్ర వేయించుకుని, ఒక సెలైను సీసా ఎక్కించి, రొట్టె, దుప్పటి చేతిలో పెట్టి మూడో రోజు పంపేసేవారు. వాళ్ల ఆరోగ్య కార్డుల మీద ఆపరేషన్ చేసినట్టు చూపి ప్రభుత్వం దగ్గర డబ్బు తీసుకునేవారు. ఆ ఆపరేషన్లు కాగితం మీద చేసింది మేమే. నర్సుల ఒరిజినల్ సర్టిఫికెట్లు, నా పదో తరగతి సర్టిఫికెట్టు, అన్నీ యజమాని పెద్దసారు బీరువాలో ఉండేవి. ఎదురు చెప్పిన వాళ్లకు అవి తిరిగొచ్చేవి కావు. భయపడి రాశాను. చేతిరాత ముత్యాల్లా ఉందని పెద్దసారు మెచ్చుకుంటే లోలోపల మురిసిపోయాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కిందటి నెల రసూల్ అనే అతను ఆ టైల్సు షోరూము వాచ్‌మన్‌ను అడిగి మా ఇల్లు పట్టుకున్నాడు. మార్కాపురంలో పలకల కార్ఖానాలో పని. భార్య ఫాతిమాకు పిత్తాశయంలో రాళ్లు. వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు, కానీ కార్డు ఒప్పుకోవడం లేదు. ఆమె పిత్తాశయం మూడేళ్ల కిందటే గుంటూరులో తీసేసినట్టు కంప్యూటర్లో ఉంది.

"లేనిదాన్ని మళ్ల ఎట్ల తీస్తామమ్మా అంటాండారు" అన్నాడు రసూల్, జిరాక్సు కాగితాలు నా ముందు పెడుతూ.

చూశాను. నా చేతిరాతే. టీ ఇచ్చాను. ఆ ఆపరేషన్ జరగలేదని నేనే వచ్చి చెబుతానన్నాను. రాసింది నేనేనని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఆ మాట చెప్పడానికే ఈ ప్రయాణం.

గుంటూరు నుంచి పడమరకు

పొద్దున్నే రైలెక్కాను. వినుకొండ దాటాక కిటికీలో పచ్చదనం తగ్గి రాళ్లు, తుమ్మచెట్లు మొదలయ్యాయి. మా వైపు పొలం చూస్తే ఏం పండుతుందని అడుగుతాం. ఈ వైపు వాళ్లు వాన పడిందా అని అడుగుతారు.

నా ఎదుటి సీటులో దర్శిలో కిరాణా దుకాణం ఉన్న శెట్టిగారు కూర్చున్నారు. దొనకొండలో దిగేలోపు తన మోకాళ్ల చరిత్ర అంతా చెప్పేశారు.

"మా ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి పోతే తలనొప్పికి గుంటూరు రాస్తాడు, కాలునొప్పికి ఒంగోలు రాస్తాడు. ఎందుకట్ల అని చానా రోజులు ఆలోచన చేసినా. తర్వాత ఆయనింటికి పోయి చూస్తే ఫ్రిజ్జు గుంటూరోళ్లు ఇచ్చింది, ఏసీ ఒంగోలోళ్లు ఇచ్చింది. ఇంగ ఆయన మాత్రం ఏం చేస్తాడు, ఇద్దరికీ న్యాయం చెయ్యాల గదా."

పెట్టెలో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. నేనూ గట్టిగా నవ్వాను. శెట్టిగారు సంచిలోంచి వేరుశనగ ఉండ తీసి నా చేతిలో పెట్టి, "నువ్వు ఏం పని చేసినావమ్మా?" అని అడిగారు.

"ఆసుపత్రిలో రాత పనండీ."

"పుణ్యమైన పని" అన్నారాయన. ఉండ గొంతుకు అడ్డంపడి, చుట్టుపక్కల వాళ్లు నా వీపు మీద చరచాల్సి వచ్చింది.

మార్కాపురం

మార్కాపురం రోడ్డు అని స్టేషను పేరులోనే ఉంది. అంటే ఊరు వేరే, రోడ్డు వేరే అని నేను అర్థం చేసుకోవాలి. దిగి ఊరు ఏదని చూస్తే ఆటోవాళ్లు కనిపించారు. నా మొహం చూడగానే కొత్తమనిషినని తెలిసిపోయి, తలా ఒక రేటు చెప్పారు. ఎక్కువ మర్యాదగా పిలిచిన అతని ఆటో ఎక్కి ఎక్కువ ఇచ్చుకున్నాను.

ఊళ్లో ముందు ఎర్రకారం దోసె తిన్నాను. నలభై రూపాయలు. మా గుంటూరుకు కారం గురించి ఎవరూ చెప్పనక్కర్లేదని గర్వంగా కూర్చున్నాను. రెండో ముక్కకే హోటలాయన అడక్కుండా మజ్జిగ తెచ్చి పెట్టాడు. "గుంటూరోళ్లు కారం అమ్ముతారు, మేం తింటాం" అన్నాడు.

రసూల్ పనిచేసే కార్ఖానా ఊరి చివర ఉంది. రాయిని పొరలుపొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసి కట్టలు కడుతున్నారు. ఎక్కడ చూసినా బూడిదరంగు దుమ్ము. కూర్చోమని చూపించిన పలకల దొంతర మీద కూర్చున్నాను. లేచేసరికి నా తెల్లచీర వెనుక నలుచదరంగా ఒక బూడిద పలక అచ్చుపడింది. అక్కడి ఆడవాళ్లు నా మొహం మీద నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు.

"ఇప్పుడు పలకలు ఎవురు కొంటాండారమ్మా" అన్నాడు రసూల్. "పిల్లోళ్లు ఫోన్లో దిద్దుతాండారు. అక్షరాభ్యాసం రోజు ఒకటి కొంటారు, అంతే. మిగిలిన రాయంతా ఇండ్లల్ల బండలకు పోతాంది."

చెప్పిన అబద్ధం నిజం చేద్దామని ముప్పై రూపాయలకొకటి చొప్పున రెండు పలకలు కొన్నాను.

మధ్యాహ్నం వాళ్లింట్లో భోజనం. ఫాతిమాకు ముప్పైఅయిదేళ్లుంటాయి. సన్నగా ఉంది, మాట మాత్రం గట్టి. బగారా అన్నం, దాల్చా చేసింది. నా కంచంలో కొండలా వడ్డించి, తను పక్కన గిన్నెలో జావ పెట్టుకుంది. నూనె తగిలితే కుడి డొక్కలో నొప్పి లేస్తుందట. నాలుగు నెలలుగా జావే. ఈసారి నొప్పి లేచి కామెర్లు వస్తే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ చెప్పిందట.

"ఆ గుంటూరు ఆసుపత్రోళ్లు బాగా చూసుకున్నారక్కా" అని చెప్పుకొచ్చింది. "ఒక నర్సమ్మ ఫొటోకని నాకు తల గూడ దువ్వింది. ఉత్త పరీక్షలనుకుంటిమి. ఆ దుప్పటి ఇంగా ఉండాది."

అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. పైగా దాల్చా రెండోసారి వేయించుకున్నాను. మనసు ఎంత బాగాలేకపోయినా నా ఆకలి ఎప్పుడూ దానికి లొంగలేదు.

ఇంకో సంగతి గమనించాను. మా ఇళ్లలో చేతులు కడగాలంటే పంపు తిప్పుతాం. వాళ్లింట్లో చేతుల కింద బకెట్టు పెడతారు. ఆ నీళ్లు వాకిట్లో కరివేపాకు మొక్కకు పోస్తారు. నేను రెండు చెంబులు వాడేశానని ఆ తర్వాతే తెలిసింది.

డాక్టరమ్మ బల్ల ముందు

రెండో రోజు పొద్దున ముగ్గురం సర్కారు ఆసుపత్రికి వెళ్లాం. కార్డు కేసులు చూసే డాక్టరమ్మ చిన్నపిల్ల, నా కూతురి వయసు. ముందు నవ్వుతూనే మాట్లాడింది. నేను గుంటూరు ఆసుపత్రి పేరెత్తగానే నవ్వు ఆపేసింది.

"పిత్తాశయం ఉన్నట్టు స్కానింగులో నాకూ కనబడుతోంది" అంది. "పైవాళ్లు అడిగేది అది కాదు. ఈమె కార్డు ఇంకెవరికో ఇచ్చి ఆపరేషన్ చేయించిందంటున్నారు. కార్డు అద్దెకిచ్చిన కేసు అంటున్నారు."

"మేం ఎవురికీ ఇయ్యలేదమ్మా" అన్నాడు రసూల్.

డాక్టరమ్మ కేసుషీటు తిప్పింది. "మరి ఇక్కడ గుర్తులు రాశారు చూడు. ఎడమ మణికట్టు పైన పుట్టుమచ్చ. ఫాతిమా, నీ చెయ్యి చూపించు."

ఫాతిమా ఎడమచెయ్యి చాపింది. గాజులు పైకి జరిపింది. మచ్చ లేదు. కుడిచెయ్యి కూడా చాపింది, అక్కడా లేదు. లేని మచ్చ కోసం ఆమె తన చేతుల్ని అటూఇటూ తిప్పుకోవడం నేను ఇంక చూడలేకపోయాను.

నా ఎడమచెయ్యి తీసి ఆ కాగితం పక్కన పెట్టాను. మణికట్టు పైన మినప్పప్పంత మచ్చ, పుట్టినప్పటి నుంచీ ఉన్నది.

కేసుషీటులో గుర్తులు రాసే గడి ఖాళీ వదిలితే ఫైలు వెనక్కొచ్చేది. మనిషి ఎదురుగా ఉంటే చూసి రాయొచ్చు. నా ఎదురుగా మనిషి లేదు, పేరు మాత్రమే ఉంది. కుడిచేత్తో రాస్తుంటే కాగితం కదలకుండా ఎడమచేయి పెడతాం కదా. ఏం గుర్తు రాయాలా అని తల వంచితే అదే కనిపించేది. అదే రాసేసేదాన్ని. ఇదంతా డాక్టరమ్మకు చెప్పాను. రాసింది నేనేనని, ఏ ఆపరేషనూ జరగలేదని, నాకప్పుడే తెలుసునని చెప్పాను.

డాక్టరమ్మ కాసేపు నన్నూ మచ్చనూ చూసి, "అయితే ఈ కార్డు మీద ఆపరేషన్ చేయించుకున్నది మీరే కాదని ఏంటి నమ్మకం?" అంది.

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. నన్ను స్కానింగు గదికి పంపించింది. అరవై రెండేళ్ల వయసులో నా పిత్తాశయం నా దగ్గరే ఉందని రుజువు చేసుకోవడానికి మార్కాపురంలో బల్ల మీద పడుకున్నాను. స్కానింగు చేసినతను, "పిత్తాశయం బ్రహ్మాండంగా ఉంది. లివర్లో కొవ్వు కొంచెం ఎక్కువుంది" అన్నాడు. ముందురోజు దాల్చా సంగతి అతనికి చెప్పలేదు.

ఆ రిపోర్టు, నా చేతిరాత నమూనా, నేను సంతకం చేసిన వాంగ్మూలం అన్నీ కలిపి డాక్టరమ్మ పైకి పంపింది. పంపేముందు నన్ను కూర్చోబెట్టి, "అమ్మా, రేపోమాపో మిమ్మల్నీ పిలుస్తారు. సాక్షిగానే పిలుస్తారని అనుకోవద్దు" అని చెప్పింది. పిలిస్తే వస్తానన్నాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి లోపలికి వెళ్లిపోయింది.

బయట వరండాలో బెంచీ మీద ఫాతిమా కూర్చుని ఉంది. నా వైపు చూడకుండా, పైకి జరిపిన గాజులను ఒక్కొక్కటే కిందికి దించుకుంటోంది.

"నిన్న అన్నం తినేటప్పుడే చెప్పాల్సింది అక్కా" అంది.

"చెబితే దాల్చా పెట్టవేమోనని భయపడ్డాను."

"పెట్టేదాన్ని. పిడికెడు ఉప్పు ఎక్కువ ఏసి పెట్టేదాన్ని."

ఆమె నవ్వింది. నవ్వితే డొక్కలో నొప్పి లేచి చెయ్యి అక్కడ పెట్టుకుంది. నేను ఏడ్చాను, అందులో దాచడానికేమీ లేదు. ఇది రాసే నాటికి ఆమె ఆపరేషన్ అయిపోయింది, నిజంగానే. తీసిన రాళ్లు సీసాలో వేసి ఇచ్చారట. "మా ఊర్లో రాళ్లకు ఏం కొదవక్కా" అని ఫోన్లో చెప్పింది.

ఆ రోజు బయల్దేరబోతుంటే డాక్టరమ్మ వెనక్కి పిలిచి, ఆ శిబిరానికి ఇంకెవరు వెళ్లారని అడిగింది. ఫాతిమా వాళ్ల నాయన కూడా అదే బస్సులో వెళ్లాడట. ఉండేది గిద్దలూరు. ఆయనకూ కాగితం మీదే ఆపరేషన్ అయిందేమో, అక్కడి ఆసుపత్రిలో చూపించి రమ్మంది.

కంభం మీదుగా బస్సులో

మూడో రోజు రసూల్, నేను గిద్దలూరు బస్సెక్కాం. ఫాతిమా ఇంట్లోనే ఉంది. కంభంలో ఒకామె సీతాఫలాల బుట్టతో ఎక్కి, డ్రైవరు పక్కన దించి, అక్కడే దుకాణం తెరిచింది. డజను అరవై. గుంటూరులో ఆ ధరకు నాలుగొస్తే గొప్ప. బేరం ఆడకుండా కొన్నానని బస్సంతా నన్ను జాలిగా చూసింది.

రసూల్ నిన్నటి నుంచి నాతో పొడిపొడిగా ఉన్నాడు. నల్లమల కొండలు దగ్గరయ్యాక ఒక్క ప్రశ్న అడిగాడు.

"రాసేటప్పుడు మా పేర్లు సదివినావా అమ్మా?"

"చదివాను. ఒక్క అక్షరం తప్పు లేకుండా రాశాను."

అతను ఒక సీతాఫలం రెండుగా విప్పి, పెద్ద సగం నాకిచ్చాడు. గింజలు కిటికీలోంచి ఉమ్ముకుంటూ గిద్దలూరు చేరాం.

గిద్దలూరు

దిగగానే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మా వైపు మరమరాలు పిడతలో వేసుకుని కాలక్షేపానికి తింటాం. ఇక్కడ తడిపి, తాలింపు పెట్టి టిఫినే చేసేశారు. రసూల్ వద్దంటున్నా రెండు ప్లేట్లు తిన్నాను.

ఫాతిమా వాళ్ల నాయన, ఊళ్లో అందరికీ బాషా తాత, ఇంటి అరుగు మీద నులకమంచంలో మహారాజులా కూర్చుని ఉన్నాడు. డెబ్బైకి దగ్గర. ఎర్రగా, పుష్టిగా ఉన్నాడు. గుంటూరు నుంచి వచ్చానని తెలియగానే లోపలికి చెయ్యి చూపించాడు. గోడ మీద, పెళ్లి ఫొటో పక్కన, ప్లాస్టిక్ పూత వేయించిన కాగితం మేకుకు వేలాడుతోంది. నేను రాసిన డిశ్చార్జి కాగితం. గిలకకు, అంటే హెర్నియాకు, ఆపరేషన్ చేసినట్టు పైన, కింద తెలుగులో సలహాలు. బరువులు ఎత్తరాదు. వంగి పని చేయరాదు. వీలైనంత విశ్రాంతి తీసుకోవలెను.

"నడుము నొప్పని పోతి. సెలైను ఎక్కియ్యంగనే నిద్ర పట్టింది. లేసేతలికి అంతా అయిపోయింది తాతా అన్నారు" అన్నాడు తాత. "మూడేండ్లాయె. ఆ కాగితంలో రాసినట్టే, ఒక్క పొద్దన్నా తప్పలేదు నేను."

ఆ కాగితం మళ్లీ చదివాను. పెద్దసారు ఇచ్చిన నమూనాలో 'మూడు నెలల వరకు' అని ఉంటుంది. గడిలో చోటు చాలక ఆ మాట వదిలేశాను. మూడు నెలలు పోయి జన్మంతా అయింది.

తాతను ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు పొట్ట నొక్కి చూశాడు, దగ్గమన్నాడు, మళ్లీ చూశాడు. "నిన్నెవురూ కొయ్యలేదు తాతా. నీకసలు గిలకే లేదు. నాకన్నా గట్టిగా ఉన్నావు" అన్నాడు.

"గుంటూరోళ్లు గాటు పడకుండ కోస్తారంట గద సార్" అన్నాడు తాత, ఆశ వదులుకోలేక. తిరిగొచ్చేటప్పుడు దారంతా చొక్కా ఎత్తి పొట్ట తడుముకుంటూనే వచ్చాడు. ఉన్న ఒక్క గౌరవమైన రోగం మేం లాగేసుకున్నామని బాధ.

ఇంటికొచ్చేసరికి ట్యాంకరు వచ్చిందని వీధి చివర కేకలు. ఆయన భార్య కాశింబీ నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందెతో వస్తోంది. పొట్టి మనిషి, మెడ ఒకవైపు కొద్దిగా వంగి ఉంది. బిందెలు దించాక రసూల్ ఆమెకు అంతా చెప్పాడు. దాచకుండా చెప్పాడు, నేను రాసిన సంగతితో సహా.

ఆమె మొగుణ్ణి ఎగాదిగా చూసింది. తర్వాత గోడ మీది కాగితం చూసింది. తర్వాత నన్ను చూసింది.

"దాన్ని రాసింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

తిడుతుందని చూశాను. తిట్టలేదు. నెత్తి మీది చుట్టకుదురు తీసి దులిపి నా చేతిలో పెట్టింది. ఖాళీ బిందె ఒకటి నా ముందుకు, రెండు మొగుడి ముందుకు తోసింది. "లెయ్యండి, ట్యాంకరు పోతాది" అంది.

రసూల్ నా బిందె అందుకోబోయాడు. ఆమె అతన్ని ఒక్క చూపు చూసింది. అతను అరుగు మీద కూర్చున్నాడు.

బాషా తాత చంకకొక బిందెతో వీధిలోకి దిగేసరికి ఇరుగుపొరుగు బయటికొచ్చి చూశారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. తాత ముందు సిగ్గుపడ్డాడు, రెండో విడతకు ఛాతీ విరిచాడు. నా సంగతి చెప్పుకోకూడదు. మొదటి బిందెలో సగం నా చీర మీదే పడింది. రెండోది నిండుగానే చేర్చాను. మెడ నరాలు పట్టేశాయి. ఇంకా ఎన్నని అడిగితే, రోజుకు పదహారంది కాశింబీ.

మూడోసారి వెళ్లేముందు కాళ్లు నిలవక అరుగు అంచున కూలబడ్డాను. కాశింబీ తన బిందె ఎత్తుకుంటూ ఆగి, గోడ మీది కాగితం వైపు గడ్డం ఎత్తి చూపించింది.

"నిన్ను గూడ కూర్చోమని రాసుండాదా దాంట్లో?"

లేచి, చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, ఆమె వెనకాలే నడిచాను.